సైప్రస్‌లో నడిచిన నేలనే మళ్ళీ నడవాలి

పురావస్తు పరిశోధన అనగానే చాలామందికి తవ్వకమే గుర్తుకొస్తుంది. తవ్వకుండా, పొలాల్లో వరసగా నడుస్తూ, నేల మీదికి తేలిన కుండపెంకులనూ రాతి పనిముట్లనూ లెక్కగట్టే క్షేత్ర సర్వేకు అంత పేరు లేదు. మన పల్లెల్లో పాటిదిబ్బ అంటే ఏమిటో తెలిసినవారికి ఈ పని వెనకున్న సూత్రాన్ని వివరించనక్కర్లేదు. పాత ఊరు ఉన్నచోట మట్టి తీరే వేరుగా ఉంటుంది, నాగలి సాగినప్పుడల్లా పెంకులు పైకొస్తాయి. మధ్యధరా సముద్రంలో 9,251 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణమున్న సైప్రస్ ద్వీపంలో ఈ పనికి దీర్ఘమైన చరిత్ర ఉంది. ఇప్పుడు అక్కడ డ్రోన్లు, లేజర్ స్కానింగ్ గురించి వ్యక్తమవుతున్న ఉత్సాహాన్ని తప్పుపట్టను గానీ, కొత్త నేలను వెతకడం కన్నా ఒకసారి నడిచిన నేలను మళ్ళీ నడవడం, పాత నమోదులను చదవదగిన స్థితికి తేవడమే ముందు జరగాల్సిన పనులని ఆ చరిత్ర చూస్తే అనిపిస్తుంది.

1878లో ఒట్టోమన్ల నుంచి ద్వీపం పాలన బ్రిటిష్‌వారి చేతికి వచ్చింది. హెర్బర్ట్ కిచెనర్ అనే యువ సైనికాధికారి ద్వీపమంతటినీ కొలిచి, మైలుకు అంగుళం లెక్కన గీయించిన పటం 1885లో అచ్చయింది. తర్వాతి కాలంలో మన దేశానికి సర్వసైన్యాధ్యక్షుడిగా వచ్చి వైస్రాయ్ కర్జన్‌తో తగవు పెట్టుకున్న కిచెనర్ ఈయనే. పాలన అవసరాల కోసం గీసిన ఆ పటం పురావస్తు పరిశోధకులకూ పునాదిగా మారింది. అంతకు ముందు ద్వీపంలో జరిగిందంతా ఎక్కువగా సమాధుల వేటే. అమెరికా కాన్సుల్‌గా ఉన్న చెస్నోలా పోగుచేసిన వేలాది వస్తువులు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరాయి, ఆయన 1879లో ఆ మ్యూజియానికి తొలి డైరెక్టర్ కూడా అయ్యాడు. 1927 నుంచి 1931 వరకు ఐనార్ యెర్‌స్టాడ్ నాయకత్వంలో పనిచేసిన స్వీడిష్ బృందం క్రమపద్ధతిని తెచ్చింది, అయితే వారి దృష్టి తవ్వకాల మీదే నిలిచింది.

సర్వే కోసమే పురావస్తు శాఖలో ఒక విభాగం ఏర్పడింది 1955లో. అదే ఏడాది బ్రిటిష్ పాలన మీద ఇయోకా అనే గ్రీకు సైప్రియట్ సంస్థ సాయుధ పోరాటం మొదలైంది, అంటే పల్లెల్లో తిరగడమే ప్రమాదమైన రోజుల్లో హెక్టర్ కాట్లింగ్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఈ పనిని నడిపాడు. వాహనంలో ఊళ్ళు తిరగడం, రైతులను అడగడం, దొంగలు గుంతలు తీసిన సమాధుల దగ్గర ఆగడం, దొరికినదాన్ని ఊరి పేరుతో, దాని పక్కన ఆ చోటి పేరుతో నమోదు చేయడం అప్పటి పద్ధతి. కలవాసోస్-టెంటా, పొలీటికో-ఫొరాడెస్ వంటి జంట పేర్లు నేటికీ అక్కడి పురావస్తు రచనల్లో వాడుకలో ఉన్నాయి. ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. కొట్టొచ్చినట్టు కనబడే స్థలాలే అందులోకి ఎక్కాయి. ఒక చిన్న పశువుల దొడ్డి, ఒక కళ్ళం, నాలుగు పెంకులున్న చేను లెక్కలోకి రాలేదు. అయినా ద్వీపం ఒకటిగా ఉన్నప్పుడు, ఉత్తరదక్షిణాలను ఒకే చూపుతో చూసిన సర్వే అదే. తర్వాత వచ్చినవన్నీ ఎంత సూక్ష్మమైనవైనా అంతటి విస్తృతిని అందుకోలేదు.

1974లో టర్కీ సైన్యం దిగిన తర్వాత ద్వీపంలో ఉత్తరాన మూడో వంతుకు పైగా భాగం, సలామిస్, ఎంకోమి వంటి ప్రసిద్ధ స్థలాలతో సహా, విదేశీ బృందాలకు దూరమైంది. వారి ఆసక్తి దక్షిణాన ఉన్న లోయల మీదికి మళ్ళింది. 1976లో వసీలికోస్ లోయలో, 1979లో పాఫోస్ ప్రాంతంలో దీర్ఘకాలిక ప్రాజెక్టులు మొదలయ్యాయి. వీటి తర్వాత వచ్చిన సిడ్నీ సైప్రస్ సర్వే ప్రాజెక్టు గురించి కొంత వివరంగా చెప్పాలి. 1992 నుంచి 1997 దాకా బెర్నార్డ్ నాప్, మైకేల్ గివెన్ ట్రూడోస్ కొండల ఉత్తర పాదంలో, మిత్సెరో, పొలీటికో ఊళ్ళ చుట్టూ దీన్ని నడిపారు. ద్వీపం పేరు మీదుగానే లాటిన్‌లో రాగికి పేరొచ్చింది, ఆ రాగి గనుల ప్రాంతం ఇదే. ఇక్కడ స్థలాన్ని వెతకడం మాని నేలను చదవడం మొదలుపెట్టారు. నడిచేవారు సమాన దూరంలో వరస కట్టి, తమ బారులో కనబడిన ప్రతి పెంకునూ లెక్కబెట్టారు, గడ్డీ పొదలూ నేలను ఎంత మేర కప్పేశాయో రాశారు. ప్రాచీన రాగి చిట్టెం గుట్టలతో పాటు నిన్నమొన్నటి కళ్ళాలనూ మేకల దొడ్లనూ కూడా నమోదు చేశారు.

అదే బృందం 1996లో పొలీటికో-ఫొరాడెస్ దగ్గర సుమారు 3,600 ఏళ్ళ నాటి రాగి కరిగించే కార్మికశాలను గుర్తించింది. అది బయటపడింది పొలంలో కాదు, వాగు ఒడ్డు కోతలో. దాన్ని పూడ్చిన ఒండ్రు అలాగే ఉండి ఉంటే పైన ఎంతమంది ఎన్నిసార్లు నడిచినా తెలిసేది కాదు. నేల మీద పెంకులు లేవంటే అక్కడ మనుషులు లేరని కాదు అనేందుకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

అయితే సూక్ష్మతకూ మూల్యం ఉంది. మధ్యధరా ప్రాంతపు సర్వేలు అతి చిన్న ప్రదేశాల్లో కూరుకుపోయి పెద్ద ప్రశ్నలు అడగలేకపోతున్నాయని రిచర్డ్ బ్లాంటన్ అనే పురావస్తు పరిశోధకుడు 2001లో విమర్శించాడు. ఆ విమర్శలో కొంత నిజముంది, కానీ సైప్రస్ విషయంలో అసలు చిక్కు వేరే అనిపిస్తుంది. పదుల చదరపు కిలోమీటర్లు నడిచిన ఒక్కో ప్రాజెక్టు లెక్క మరో ప్రాజెక్టు లెక్కతో కుదరదు. ఒకరు ఐదు మీటర్ల ఎడంలో నడిస్తే ఇంకొకరు పది మీటర్ల ఎడంలో నడుస్తారు, ఒకరు అన్ని పెంకులూ ఏరితే ఇంకొకరు నమూనాలు మాత్రమే ఏరుతారు. సిడ్నీ ప్రాజెక్టులో రూపొందిన పెంకుల వర్గీకరణ పద్ధతిని డెకేలియా బ్రిటిష్ స్థావరం సమీపంలోని పైలా-కుట్సోపెట్రియా సర్వే కూడా వాడుకుంది, తన సమాచారాన్ని అంతర్జాలంలో అందరికీ తెరిచి ఉంచింది. ఈ బాటలో నడిచినవి తక్కువే.

ఉత్తర భాగం సంగతి మరింత క్లిష్టం. ఆక్రమిత భూభాగంలో తవ్వకాలు జరపరాదని యునెస్కో సిఫారసు ఒకటి చెబుతుంది. ఆ సిఫారసు 1956లో ఆమోదం పొందింది మన న్యూఢిల్లీలోనే. తవ్వకం అన్న మాటకు ఆ పత్రం ఇచ్చిన నిర్వచనంలో నేల ఉపరితలాన్ని క్రమపద్ధతిలో శోధించడం కూడా ఉంది, కాబట్టి మేం తవ్వడం లేదు, నడుస్తున్నాం అంతే అని తప్పించుకునే వీలు లేదు. ఇలాంటి స్థితిలో పాత నమోదులకు విలువ పెరుగుతుంది. కొలంబియా విశ్వవిద్యాలయ బృందం 1969-73 మధ్య ఉత్తరాన ఫ్లమూది దగ్గర చేసిన పని దశాబ్దాల తర్వాత కాగితాల నుంచీ దాచిన పెంకుల నుంచీ తిరిగి అధ్యయనమై, 2008లో పుస్తకంగా వచ్చింది. కాట్లింగ్ కాలపు నమోదులకూ అటువంటి శ్రద్ధ దక్కాలి. 1995లో అమెరికా రహస్య జాబితా నుంచి విడుదల చేసిన కొరోనా అనే నిఘా ఉపగ్రహాల చిత్రాల్లో 1960ల నాటి నేల కనబడుతుంది. వాటిని ఆ నమోదుల పక్కన పెట్టి చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంకో వనరు వేగంగా తరిగిపోతోంది. 1974లో లక్షన్నరకు పైగా గ్రీకు సైప్రియట్లు దక్షిణానికీ, వేలాది టర్కీ సైప్రియట్లు ఉత్తరానికీ వెళ్ళిపోయారు. ఏ చేను పేరేమిటో, ఏ మలుపులో పెంకులు దొరికేవో చెప్పగలిగినవారు ఇప్పుడు ఆ చేలకు దూరంగా, వార్ధక్యంలో ఉన్నారు. సర్వే అంటే నేల మీద నడవడమే అనుకునే పరిశోధకుడికి ఈ ఇళ్ళ తలుపు తట్టాలని తోచదు.

లేజర్ స్కానింగ్ పొదల కింది గోడలనూ కొండవాలు గట్లనూ చూపగలదు, కానీ గట్టు ఏ కాలానిదో ఆ చిత్రంలో ఉండదు. ఆ సంగతి దాని పక్కన దొరికిన పెంకే చెప్పాలి. అందుకే మొదట చేయదగిన ప్రయోగం చాలా చవకైనదని నా వాదన. మిత్సెరో చుట్టూ 1990లలో నడిచిన బారుల్లో కొన్నింటిని ఎంచుకుని, అదే ఎడంతో, అదే రుతువులో మళ్ళీ నడిచి, అప్పటి లెక్కతో పోల్చాలి. ఆ అంకెల్లో ప్రాచీన కాలం వాటా ఎంతో, ఆ ఏడాది దుక్కి, వానల వాటా ఎంతో అప్పుడు గానీ తేలదు.