గొర్రెకు రుణం సరే, గడ్డి ఏదీ?

సంక్రాంతి దాటి కళ్లాలు ఖాళీ అయ్యాక నాగావళి, వంశధార పల్లెల్లోకి గొర్రెల మందలు దిగుతాయి. నాట్లు పడితే మెట్టలకు, కొండ వారకు వెళ్లిపోతాయి. పల్లంలో ఉన్నన్నాళ్లూ రైతు తన మడిలో రాత్రిళ్లు మంద పెట్టించుకుంటాడు, కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తాడు. మంద వేసిన పెంటికలే మడికి ఎరువు. గత్తం తోలడానికి బండి అక్కర్లేదు, చల్లడానికి కూలీ అక్కర్లేదు. యూరియా బస్తా కోసం క్యూ కట్టే జిల్లాల్లో ఈ లెక్క ఎవరైనా వేశారా?

ఇప్పుడు కోత అవుతూనే మినుము, పెసర, కాదంటే మొక్కజొన్న. మెట్టల మీద జీడి, సరుగుడు, నీలగిరి. రోడ్డు పక్క మిగిలిందంతా లేఅవుట్లు. ప్రభుత్వాలు మాత్రం గొర్రెలు కొనుక్కోవడానికి రుణాలిస్తాయి. అవి ఎక్కడ మేస్తాయని అడిగితే ఏ శాఖా పలకదు.

కట్టేసి మేపుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. కాపరుల పిల్లలకే ఈ పని ఇష్టం లేదనీ అంటారు. రెండో మాట చాలావరకు నిజమే. కానీ సెంటు భూమి లేనివాడు పశుగ్రాసం ఎక్కడ పెంచుతాడు? దాణా కొని మేపితే అతనికి మిగిలేదేమిటి?

అసలు జబ్బు మన రెవెన్యూ చూపులో ఉంది. పట్టా లేని నేల ఖాళీ నేలేనన్న నమ్మకం అది. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలను అలాగే చూశారు. పశువులు మేసే, చేపలు పట్టే, పొలాలకు నీరిచ్చే చిత్తడిని థర్మల్ కేంద్రానికి రాసిచ్చారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. గుజరాత్‌లో కచ్‌లోని బన్నీ గడ్డిమైదానంలో అటవీశాఖ 1960లలో సర్కారు తుమ్మ నాటించింది కూడా ఇదే చూపుతో. ఆ తుమ్మ గడ్డిని మింగేసింది, అక్కడి పశుపోషకులైన మాల్ధారీల పశువులకు మేత కరువైంది. ఎడారి అంచైనా, ఏటి ఒడ్డయినా ఫైలు నడిచే తీరు ఒకటే.

చట్టం లేదా అంటే, ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సంచార పశుపోషకుల మేత హక్కును పేరు పెట్టి మరీ గుర్తించింది. అయితే గిరిజనేతరుడు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, ఆ అడవిని నమ్ముకుని అక్కడే నివసించినట్టు చూపాలి. ఏడాదిలో సగం దారిలోనే ఉండే గొల్ల ఏ కాగితం తెస్తాడు? ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు మన మండలాఫీసుల దాకా వచ్చిన జాడ నాకైతే కనబడదు.

భూముల రీసర్వేలో డ్రోన్లు ఎగరేసి గట్టు గట్టునూ కొలిచారు. ఆ పని పూర్తయిన ఊళ్లలో మేత పోరంబోకు ఎంత మిగిలింది, మంద నడిచే డొంక ఎక్కడ తెగింది అన్నది గ్రామసభలో చదివి వినిపించడానికి కొత్త నిధులేమీ అక్కర్లేదు. కాకపోతే ఆ సభ మందలు పల్లంలో ఉన్న నెలల్లోనే పెట్టాలి. నాట్ల కాలంలో పెడితే మాట్లాడాల్సినవాడు కొండ మీద ఉంటాడు.