తోడు వేసిన పాలల్లో వేపనీళ్లు పోస్తారా?

గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఓ మెసేజీ వారం నుంచి తిరుగుతోంది. బెజవాడ నుంచి మా పిన్ని కూడా అదే పంపింది, పైన "తప్పక చదువు" అని రాసి. అందులో ఉన్నది ఇదీ: ముట్టులో పోయేది చెడు రక్తం, ఆ రోజుల్లో ఆడవాళ్లకి ఇమ్యూనిటీ సున్నా. కాబట్టి స్నానమయ్యాక వేపాకు కాచిన నీళ్లతోనో, యాంటిసెప్టిక్ కలిపిన నీళ్లతోనో లోపల కడుక్కోవాలి. ముట్లుడిగాక ఇక ఏ ఇన్ఫెక్షనూ రాదు. అన్నట్టు, ఆ మూడు రోజుల్లో ఆవకాయ జాడీ ముట్టుకుంటే బూజు పడుతుందట. మైక్రోబయాలజీ చెప్పుకుని బతికేదాన్ని, చూసీ చూడనట్టు ఊరుకోలేకపోయాను.

ముందు ఆ కడగడం సంగతి. మిగతావి ఉత్త మాటలు, ఇది మాత్రం ఒంటికి చేటు. పెద్దమనిషి అయ్యే వయసు నుంచి ఈస్ట్రోజన్ అనే హార్మోను వల్ల యోని లోపలి పొర మందమవుతుంది, ఆ కణాల్లో గ్లైకోజన్ అనే పిండిపదార్థం పోగవుతుంది. అది విడిపోగా వచ్చే చక్కెరల్ని తిని లాక్టోబాసిల్లస్ బాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. పాలు తోడుకోవడం లాంటిదే. ఆ పులుపు వల్ల అక్కడి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ) 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది, చాలా రోగక్రిములు అందులో నిలదొక్కుకోలేవు. జర్మన్ వైద్యుడు డోడర్‌లైన్ ఈ బాక్టీరియాని 1892లోనే వర్ణించాడు. హార్మోను మేత వేస్తుంది, బాక్టీరియా కాపలా కాస్తుంది. మీరు యాంటిసెప్టిక్ పోసి కడిగితే ముందు పోయేది ఆ కాపలావాడే. లోపల కడుక్కునే అలవాటున్న వాళ్లలో బాక్టీరియల్ వెజినోసిస్ (లాక్టోబాసిల్లస్ తగ్గి వేరే బాక్టీరియా పెరిగిపోవడం), గర్భసంచి ట్యూబుల ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపిస్తాయి. బయట మామూలు నీళ్లు చాలు. (పెరుగు పోలిక తెచ్చానని రేపు ఎవరో "పెరుగు రాసుకోండి" అని ఇంకో మెసేజీ వదుల్తారు. మనింటి చేమిరిలో ఉండేవి వేరే జాతులు, వాటికి అక్కడ కాపురం కుదరదు.)

చెడు రక్తం అన్న మాటకి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ప్రొజెస్టిరోన్ అనే ఇంకో హార్మోను పడిపోగానే గర్భసంచి లోపలి పొర ఊడి వస్తుంది. అందులో ఉండేది రక్తం, జిగురు, పొర ముక్కలు. విషమేమీ లేదు.

ఇక ఇమ్యూనిటీ సున్నా. నిజానికి ఆ ప్రొజెస్టిరోన్ పడిపోవడమే తెల్లరక్తకణాలకి పిలుపు. న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు గుంపుగా వచ్చి, ఊడిన పొరని ఎత్తిపోసి, పచ్చిపుండులా ఉన్న చోటికి కాపలా కాస్తాయి. రక్తం వల్ల ఆ నాలుగు రోజులు పులుపు కొంచెం విరిగేమాట నిజమే. అందుకే ప్యాడ్ గంటల తరబడి ఉంచుకోవద్దనేది. కాపలా కాస్త సడలేది అసలు వేరే సమయంలో, అండం విడుదలయ్యాక వారం పదిరోజులకి. అప్పుడు గర్భసంచిలో రోగం సోకిన కణాల్ని చంపే టీ కణాలనే తెల్లరక్తకణాల దూకుడు తగ్గుతుంది. సగం తండ్రి పోలికతో వచ్చే పిండాన్ని పరాయిదని తరిమేయకుండా శరీరం చేసుకున్న సర్దుబాటు ఇది. అమెరికాలో డార్ట్‌మత్‌కి చెందిన చార్లెస్ వైరా, ఆయన సహచరులు దీన్నే క్రిములకి కాస్త సందు దొరికే సమయంగా వివరించారు. అంటే మెసేజీ రాసిన పెద్దమనిషి లెక్క తప్పింది. ఆ సందులోనైనా సున్నా అన్నది లేదు. గర్భాశయ ముఖద్వారం దగ్గర జిగురు అప్పుడే చిక్కబడి బిరడాలా మూసుకుంటుంది.

ముట్లుడిగాక నిశ్చింత అన్నవాళ్లని మా అమ్మ దగ్గరికి పంపాలి. యాభై ఆరేళ్ల వయసులో ఏడాదికి నాలుగైదుసార్లు మూత్రంలో మంట, ప్రతిసారీ యాంటీబయాటిక్ కోర్సు. కారణం పై లెక్కలోనే ఉంది. ఈస్ట్రోజన్ తగ్గితే పొర పలచబడుతుంది, మేత ఉండదు, లాక్టోబాసిల్లస్ తప్పుకుంటుంది, పీహెచ్ 5 దాటుతుంది, పేగుల్లోని ఈ.కోలై బాక్టీరియా వచ్చి తిష్ఠ వేస్తుంది. 1993లో రాజ్, స్టామ్ అనే వైద్యులు ఇలాంటి స్త్రీలకి యోనిలో రాసుకునే ఈస్ట్రియాల్ (ఒక రకం ఈస్ట్రోజన్) క్రీము ఇచ్చి చూశారు. మందు లేని ఉత్త క్రీము రాసుకున్న వాళ్లకి ఏడాదికి సగటున 5.9 సార్లు వచ్చిన మూత్ర ఇన్ఫెక్షన్, మందు రాసుకున్న వాళ్లలో 0.5కి దిగింది. వాళ్లలో చాలామందికి లాక్టోబాసిల్లస్ నెలలోనే తిరిగొచ్చింది.

ఆవకాయకి బూజు పట్టించేది తడి గరిటె. అది బాబాయి చేతిలో ఉన్నా పడుతుంది.

ఇదంతా రాసి పంపితే పిన్ని వెంటనే అడిగింది: "అయితే ఈస్ట్రోజన్ ఎంత ఉంటే అంత మంచిదన్నమాటేగా?" కాదు పిన్నీ. అదే గ్లైకోజన్ మేత కాండిడా అనే ఫంగస్‌కీ పనికొస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లకి దురద, విరిగిన పాలలాంటి తెల్లబట్ట ఎక్కువ కావడానికి అదో కారణం. నీకు షుగర్ కూడా ఉంది, మందుల షాపులో అడిగి క్రీము తెచ్చుకోకు, గైనకాలజిస్టుకి చూపించుకో. ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనపడినా మాత్రం ఆ రోజే బయల్దేరు.