మహారాజశ్రీ 'స్టోరేజ్ ఫుల్' గారికి

మహారాజశ్రీ 'స్టోరేజ్ దాదాపు నిండిపోయింది' గారికి నమస్కారములు.

ఉభయకుశలోపరి. నా క్షేమం గురించి మీకు వేరే రాయక్కర్లేదు. రోజుకు నాలుగుసార్లు పర్సెంటేజీతో సహా మీరే నాకు చెబుతున్నారు. పొద్దున 97, మధ్యాహ్నం 98. చీటీ డబ్బులకి వచ్చేవాడు కూడా ఇన్నిసార్లు తలుపు కొట్టడు.

ముందుగా ఒక సందేహం. ఫోను కొన్నప్పుడు డబ్బా మీద 64 జీబీ అని రాసి ఉంది. ఆన్ చేసి చూస్తే అప్పటికే పదిహేను దాకా మీవాళ్లు కాపురం పెట్టేసి ఉన్నారు. అద్దెకిచ్చిన ఇంట్లో ఒక గదికి ఓనరు తాళం వేసుకున్నట్టు. ఆ గదిలో ఏముందండీ అంటే 'సిస్టమ్' అన్నారు. సిస్టమ్ అన్నాక మన దేశంలో ఇంకేం అడుగుతాం!

మిగతా దాంట్లో నా తప్పూ ఉంది, ఒప్పుకుంటాను. నాకు రైళ్ల పిచ్చి. హైదరాబాద్‌లో ఉద్యోగం, రెండు రోజులు సెలవు దొరికితే కొవ్వూరు, అక్కడ గోదావరి గట్టు. ఆర్చి బ్రిడ్జి పొడవు 2.7 కిలోమీటర్లు. రైలు రాజమండ్రి వైపు నుంచి ఇటు దిగేసరికి మూడు నాలుగు నిమిషాలు. వీడియో తీస్తే అర జీబీ. అలాంటివి నా దగ్గర 41 ఉన్నాయి. చూసేవాళ్లకు అన్నీ ఒకటే: నది, వంతెన, రైలు. నాకు మాత్రం ఒకదాంట్లో పొగమంచు. ఒకదాంట్లో ఎర్రటి వరద నీళ్లు. ఇంకోటి రైల్లోంచి తీసింది, అందులో పక్క సీటావిడ గోదారమ్మకని విసిరిన రూపాయి బిళ్ల కిటికీ కమ్మీకి తగిలి టంగుమని మళ్లీ లోపలే పడిన చప్పుడు, వెంటనే ఆవిడ లెంపలేసుకోవడం. మీరు ఇవన్నీ చూసి 'ఒకేలా ఉన్న ఫైళ్లు' అన్నారు. మా అమ్మ కూడా అదే అంటుంది గానీ, తీసిపారెయ్ అనదు.

పోనీ క్లౌడ్‌లో దాచుకో అన్నారు. ఆ ముచ్చటా చూశాం. గూగుల్ ఫోటోస్ ఎన్ని ఫోటోలైనా ఊరికే దాస్తానని కొన్నేళ్లు చెప్పి, 2021 జూన్ 1 నుంచి మెయిలూ డ్రైవూ ఫోటోలూ అన్నీ కలిపి 15 జీబీ దాకానే ఉచితం, ఆపైన డబ్బు కట్టమంది. పెళ్లి భోజనాల్లో 'వేయించుకోండి, మొహమాటపడకండి' అని విస్తరి నింపేసి, చివర్లో గరిటెకింత అని బిల్లు చేతిలో పెట్టినట్టు. వాళ్లదీ తప్పనలేం లెండి. ఊరికే తినడం మరిగింది మనమే.

స్టోరేజ్ అంటే మా తాతయ్యది. వంచిన సైకిల్ పుల్ల ఒకటి, దూలానికి వేలాడేది. వచ్చిన ఉత్తరం వచ్చినట్టు దానికి గుచ్చడమే. అడుగున 1970ల నాటి ఇన్‌లాండ్ కవర్లు, పైన కరెంటు బిల్లులు. అది ఎన్నడూ నిండలేదు, 'ఖాళీ చెయ్యండి' అని ఒక్కసారీ అరవలేదు. అశుభవార్త మోసుకొచ్చిన కార్డులు మాత్రం దానికెక్కేవి కావు. చదివిన చోటే చించెయ్యడం మా ఇళ్లల్లో ఆచారం. అంటే డిలీట్ బటన్ తాతయ్యకూ ఉండేది. ఎప్పుడు నొక్కాలో ఆయనకు తెలుసు.

తాతయ్య రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచే ఉద్యోగం. గోదావరి మీద 1900లో కట్టిన హేవ్‌లాక్ బ్రిడ్జి మీద ఎన్ని వేలసార్లు నడిచారో. 1997లో దాని మీద రైళ్లు ఆగిపోయాక కూడా, పాత బ్రిడ్జి చప్పుడు వేరురా, ఈ కొత్తది వట్టి సిమెంటు దిమ్మ అనేవారు. ఆయనకు స్మార్ట్‌ఫోన్ కొనిచ్చింది నేనే. ఆ పాపానికి మూడేళ్లు రోజూ తెల్లవారుజామున అయిదుంపావుకి నాకు గుడ్ మార్నింగ్. సోమవారం శివుడు, గురువారం సాయిబాబా, శనివారం వెంకన్న, మిగతా రోజులు మంచు బొట్లతో తామరపువ్వు.

మీరు మొదటిసారి ఎర్రజెండా ఊపింది అప్పుడే. 'చాట్‌లో ఫోటోలు ఎక్కువయ్యాయి, ఆటో డౌన్‌లోడ్ ఆపుకోండి' అన్నారు. ఆపేశాను. అప్పటినుంచి తాతయ్య దేవుళ్లు మసకమసగ్గా, మధ్యలో కిందికి బాణం గుర్తుతో వచ్చేవారు. నొక్కితేనే దర్శనం. రోజూ ఏం నొక్కుతాంలే అనుకుని, బ్రొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకునేవాణ్ణి. చాలా రోజుల తర్వాత లెక్క చూస్తే, అంతకుముందు దిగిన ఆ తొమ్మిది వందల గుడ్ మార్నింగ్‌లూ కలిపి 140 ఎంబీ. నా ఒక్క రైలు వీడియోలో మూడోవంతు లేవు. ఈ లెక్క మీకు ముందే తెలుసు కదండీ?

తాతయ్య గత ఏడాది మాఘమాసంలో పోయారు. ఆ తర్వాత మీవాళ్లు చేసిన పరామర్శ గురించి రెండు ముక్కలు చెప్పాలి. పెద్దకర్మ నాడు పంక్తిలో అరిటాకులు, బూరెలు, గారెలు బాబాయి ఫోటోలు తీసి నాకు పంపాడు. ఏడాది తిరిగేసరికి ఫోన్‌తో పాటు వచ్చిన గ్యాలరీ యాప్ వాటన్నిటినీ పోగేసి, వెనక హుషారైన గిటారు పెట్టి, 'నోరూరించే జ్ఞాపకాలు' అని పేరు పెట్టి నాకు బహుమతిగా ఇచ్చింది. ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. సౌండ్ ఫుల్లుగా ఉంది. రెండో బొమ్మలో గుండు చేయించుకున్న నాన్న.

ఇక ఆయన నంబరు. పోయినవాళ్ల సిమ్‌కి రీచార్జ్ ఎందుకురా అన్నారు నాన్న. న్యాయమే. కట్ అయిన నంబరును కనీసం 90 రోజులు వేరేవాళ్లకు ఇవ్వరని 2023లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పింది. పాత నంబరు మీది వాట్సాప్ ఖాతా తీసేసుకోవాల్సిన జాగ్రత్త పాత చందాదారుడిదేనని కోర్టూ చెప్పింది. తాతయ్య ఆ జాగ్రత్త తీసుకోకుండానే వెళ్లిపోయారు, క్షమించాలి. ఆయనకు తద్దినం ఏడాదికోసారి, నంబరుకు మాత్రం తొంభై రోజుల మైల, ఆ తర్వాత పునర్జన్మ. ఇప్పుడు నా ఫోన్‌లో 'తాతయ్య' అన్న పేరు మీద, నల్లకళ్లద్దాలు పెట్టుకుని బుల్లెట్ బండి ఎక్కిన కుర్రాడు ఉన్నాడు. స్టేటస్: 'ఓన్లీ మెసేజ్, నో కాల్స్'.

నిన్న రాత్రి మీరు 99 అన్నారు. సరే, ఇవాళ తేల్చేద్దామని కూర్చున్నాను. పెద్ద ఫైళ్లు పైన, చిన్నవి కింద వచ్చేలా మీరే పేర్చి ఇచ్చారు. రైళ్లన్నీ పైన. ఎక్కడో బాగా కింద 412 కేబీతో ఒక వాయిస్ మెసేజ్. తాతయ్యకి మైక్ లాక్ పడిపోయి, ఆపడం తెలియక వచ్చింది అది. 'ఒరేయ్ చిన్నోడా, గోదావరి ఇవాళ నలభై నిమిషాలు లేటురా. తిన్నావా?' అంతే మాట. ఆ తర్వాత మూడు నిమిషాలు ఏమీ లేదు. ఫ్యాను తిరగడం, ఎవరో గిన్నె కింద పెట్టడం, ఆయన గొంతు సవరించుకోవడం. చివర్లో దూరంగా హారన్, పట్టాల మోత. 'ఆఁ, వచ్చేసింది' అని తనలో తాను అనుకోవడం. నలభై ఒక్క వీడియోలు తీశాను, ఒక్కదాంట్లోనూ రైలు అంత బాగా రాలేదు.

మీ మాట కొట్టెయ్యలేక పొగమంచు వీడియో ఒకటి తీసేశాను. 98కి దిగారు. సంతోషం.

ఆ ఊపులో చాట్ చివరికంటా వెళ్లాను. ఆఖరి గుడ్ మార్నింగ్ అక్కడే ఉంది. గురువారం, 5:14. మసగ్గా, మధ్యలో బాణం గుర్తు. కాషాయం రంగు కనబడుతోంది కాబట్టి సాయిబాబానే అయ్యుండాలి. కింద ఏదో రెండు లైన్లు రాసి ఉన్నాయి, చదవడానికి రావట్లేదు. బాణం నొక్కాను. కాసేపు గుండ్రంగా తిరిగింది. ఈ ఫోటో ఇప్పుడు దొరకదు, మళ్లీ పంపమని తాతయ్యను అడగండి అని వచ్చింది.

పైన బుల్లెట్ బండి కుర్రాడు ఆన్‌లైన్‌లో ఉన్నాడు.

ఇట్లు,
చిన్నోడు