బొగ్గు ప్లాంటులో రెంచి పట్టే చోటుందా?

ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రానికి సింగరేణి బొగ్గూ వస్తుంది, ఒడిశా తాల్చేరు బొగ్గూ వస్తుంది. రెండిటి తీరూ ఒకటి కాదు. వానాకాలంలో తడిసిన పొడి బొగ్గు చ్యూట్‌లో, అంటే బొగ్గు జారే తొట్టిలో, ముద్దకట్టి కూర్చుంటే దాన్ని గడ్డపారతో పొడిచి దింపేది మనుషులే. బొగ్గు ప్లాంట్ల ఆధునికీకరణ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మనుషులే.

మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. అది బొగ్గులోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి కడిగినా తేలిగ్గా వదలదు. గనికి 500 కిలోమీటర్లు దాటిన కేంద్రాలు 34 శాతానికి మించి బూడిదున్న బొగ్గు వాడకూడదని 2014లో నిబంధన తెచ్చారు, 2020లో ఎత్తేశారు. దాన్ని నమ్ముకుని కట్టిన వాషరీల, అంటే బొగ్గు కడిగే ప్లాంట్ల, గతేమిటి? 2025 సెప్టెంబరులో పన్నూ మారింది. టన్నుకు 400 రూపాయల సెస్ పోయి, జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. నాసి బొగ్గుకైనా మేలిరకానికైనా ఒకే సెస్ ఉన్నప్పుడు ఆ భారం నాసి రకానికే ఎక్కువ. ఇప్పుడు ధరను బట్టి పన్ను. కడిగితే ఎంత మిగులుతుందన్న లెక్క మళ్లీ మొదటికొచ్చింది. ఒకే రకం సరుకు కోసం కట్టిన ప్లాంటు ఇన్ని మలుపులు తట్టుకోలేదు.

అరుగుదల సంగతి చూడండి. వాషరీలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం పొడి కలిపిన నీళ్లు పైపుల్నీ, సుడి తిప్పి బొగ్గునూ రాయినీ వేరుచేసే సైక్లోన్లనూ రాపిడితో తినేస్తాయి. వాటి లోపల సిరామిక్ పలకలు పరిస్తే ఎక్కువ కాలం నిలుస్తాయి. జల్లెళ్లకు బోల్టులు లేకుండా బిగించే పాలీయురెథేన్ ప్యానెళ్లు వేస్తే, అరిగిన ముక్క ఒక్కటే తీసి మార్చుకోవచ్చు. ఇవి కొత్తగా కనిపెట్టాల్సినవేం కావు. కానీ పాత ప్లాంటులో అంతస్తు మీద అంతస్తు ఇరికించి కడతారు. మోటారు పైకెత్తడానికి హాయిస్ట్ ఉండదు, మనిషి నిలబడటానికి వేదిక ఉండదు.

పగలు సౌర విద్యుత్ పెరిగేకొద్దీ థర్మల్ యూనిట్లు లోడు తగ్గించుకోవాల్సి వస్తోంది. పూర్తి సామర్థ్యంలో 40 శాతానికి దిగేలా సిద్ధపడాలని సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2023లో నిబంధనలు పెట్టింది. లోడు తగ్గితే బొగ్గు తక్కువ పడుతుంది, కన్వేయర్లకు విరామం దొరుకుతుంది. మరమ్మతుకు అదే అదను. ఆ రెండు మూడు గంటల్లో పని ముగిసేలా యంత్రం ఉంటేనే ఆ అదను చేతికందుతుంది.

టెండర్లలో గంటకు ఎన్ని టన్నులో రాస్తారు. ఒక లైనర్, అంటే రాపిడికి అరిగే లోపలి పలక, మార్చడానికి ఎన్ని గంటలో కూడా రాయించాలి. ప్లాంటు అప్పగించే రోజున అక్కడి ఫిట్టర్ల చేతే దాన్ని మార్పించి, గడియారం చూసి, ఆ తర్వాతే బిల్లు చెల్లించాలి.