మట్టి బ్లాకా, బట్టీ ఇటుకా?

పాలమూరు వైపు ఒక ఊళ్లో పునాది దాకా లేచిన ఇల్లు. గోడలు దేంతో కట్టాలని తగువు. ఒకరు నలభై ఏళ్లుగా తాపీ పట్టిన బాలయ్య మేస్త్రి. రెండోది ఆయన తమ్ముడి కూతురు శ్రావణి, సివిల్ డిప్లొమా చదివింది. ఇల్లు శ్రావణి వాళ్లదే.

బాలయ్య: కాల్చని మట్టితో ఇల్లేంది బిడ్డా? రెండు వానలు పడితే కరిగిపోదా?

శ్రావణి: ఉత్త మట్టి కాదు పెద్దనాన్నా. 5 శాతం సిమెంటు కలిపి ప్రెస్‌లో నొక్కి తీస్తారు. పది కిలోల బ్లాకులో సిమెంటు అరకిలో. ఒకదాని బొడిపె ఇంకోదాని గుంతలో కూర్చుంటుంది, మాలు తక్కువ పడుతుంది. బట్టీ ఇటుకైతే రోజుల తరబడి మంటలో కాలాలి. ఆ పొగంతా గోడ లేవకముందే గాల్లో కలుస్తుంది.

బాలయ్య: సిమెంటుదీ పొగే కదా.

శ్రావణి: నిజమే. సున్నపురాయిని కాలిస్తే రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ప్రపంచం వదిలే దాంట్లో 7, 8 శాతం సిమెంటుదే. అందుకే తక్కువ వాడదామంటున్నా.

బాలయ్య: పక్క ఊళ్లో ఇట్లాంటి బ్లాకులతోనే ప్రహరీ కట్టారు. ఆర్నెల్లకే మూలలు పోయాయి. బొటనవేలితో రుద్ది చూశా, జొన్నపిండిలా రాలింది.

శ్రావణి: ప్రెస్‌లోంచి తీసి ఎండలో పెట్టారా?

బాలయ్య: ఎండలోనే. ఒక్క రోజు నీళ్లు కొట్టిన పాపాన పోలేదు.

శ్రావణి: అదే తప్పు. నీడలో పేర్చి, గోనెపట్టా కప్పి, నాలుగు వారాలు తడి ఆరకుండా చూడాలి.

(బాలయ్యది మొండితనం అనుకోవద్దు. గోడ రాలితే ఇంటాయన మొదట నిలదీసేది మేస్త్రినే. ఆ భయాన్ని తీసిపారేసేవాళ్లంటే నాకు కోపం.)

బాలయ్య: మీ పెద్దమ్మ పుట్టిల్లంతా నల్లరేగడి. అక్కడా ఇదేనా?

శ్రావణి: అక్కడ నేనే వద్దంటా. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. మనది ఎర్రనేల. సగం ఇసుక, ఐదో వంతు బంకమట్టి ఉంటే చాలు. పైమట్టి చేనుకే వదిలి కింది మట్టి తీద్దాం. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో మట్టి బ్లాకులతో కట్టిన విజిటర్స్ సెంటర్‌కి 1992లో ఈజిప్టు ఆర్కిటెక్ట్ హసన్ ఫతీ పేరు మీద ఇచ్చే అవార్డు వచ్చింది. అక్కడ తుఫాను వానలు మనకంటే ఎక్కువ.

బాలయ్య: గోడ సరే, స్లాబ్ సంగతేంది? సిమెంటూ ఇనుమూ తినేది అదే. మట్టి గోడ మీద ఐదంగుళాల స్లాబ్ పోస్తే నువ్వు మిగిల్చిందెంత?

శ్రావణి (కాసేపు ఆగి): దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. స్లాబ్ కింది భాగంలో లాగుడంతా ఇనుమే మోస్తుంది. అక్కడ కొంత కాంక్రీటు బదులు పెంకులు పెట్టొచ్చు. తక్కువ ఖర్చు ఇళ్లకు పేరున్న ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో అలాగే వేసేవారు.

బాలయ్య: పెంకు సందున చెమ్మ దిగితే?

శ్రావణి: పెంకుల్ని ముందే నానబెట్టి, కాంక్రీటు బాగా కూరాలి. నీలాంటి మేస్త్రి లేకపోతే ఆ స్లాబ్ నేనూ వేయించను.

బాలయ్య జవాబివ్వలేదు. గడ్డపారతో మూరెడు లోతు తవ్వి, గుప్పెడు మట్టి సీసాలో వేసి, నీళ్లు పోసి గట్టిగా ఊపి పునాది మీద పెట్టాడు. ఇసుక అప్పుడే అడుక్కి దిగుతోంది.

బాలయ్య: పొద్దునకు తేరుతుంది. బంక ఎంతుందో చూశాక మాట్లాడదాం. అప్పటిదాకా బట్టీకి అడ్వాన్స్ ఇవ్వొద్దని మీ నాన్నకు చెప్పు.