బీరపీచు వైద్యానికి ఒక ఖండన

కావలి నుంచి ఒంగోలు దాకా మా బంధువుల ఫోన్లన్నింటిలో కొద్ది రోజులుగా ఒకే సందేశం తిరుగుతోంది. దాని సారం ఇది: చర్మం పైపొర చచ్చిన చర్మమే, అది రంధ్రాలు మూసి ఒంట్లో విషాన్ని బంధిస్తుంది, రోజూ బీరపీచుతో ఎర్రబడేదాకా రుద్ది, నిమ్మరసంలో వంటసోడా కలిపి పూయాలి, గజ్జి, తామర, ఎగ్జిమా మూడూ చెడ్డ రక్తం వల్లే వస్తాయి, ఒంటికి రాసిందల్లా 26 సెకన్లలో రక్తంలో కలుస్తుంది కనుక క్రీములు వద్దు, చర్మం పొడిబారితే నీళ్ళు తాగితే చాలు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి కాబట్టి ఇది నిజమేనా అని నన్ను అడిగినవారు చాలామంది. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

మొదటి మాటలో సగం నిజముంది. పైపొర కణాలు చచ్చినవే. అయితే అవి పనికిమాలి చచ్చినవి కావు. అడుగు పొరలో పుట్టిన కణం పైకి జరుగుతూ, కెరటిన్ అనే గట్టి ప్రొటీన్‌తో నిండి, కేంద్రకాన్ని పోగొట్టుకుని, బల్లపరుపుగా మారి గోడలో ఒక ఇటుకగా కుదురుకోవడమే దాని జీవిత లక్ష్యం. చచ్చేముందు అది బయటికి వదిలిన కొవ్వులే ఆ ఇటుకల మధ్య సున్నంగా పనిచేస్తాయి. ఆ కొవ్వుల బరువులో దాదాపు సగం సెరమైడ్లు అనే రకం కొవ్వులు, పావు వంతు కొలెస్ట్రాల్, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలు. ఇటుకల గోడ అనే ఈ పోలిక నాది కాదు, అమెరికా చర్మ శాస్త్రవేత్త పీటర్ ఎలియాస్ ప్రచారంలోకి తెచ్చినది. ముంజేతి మీద ఈ గోడ మందం 10 నుంచి 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. ఒంట్లోని నీళ్ళు ఆవిరైపోకుండా ఆపుతున్నది ఆ కాస్త పొరే. పెద్ద కాలిన గాయాలైన వారికి ఆసుపత్రిలో సెలైను సీసాల మీద సీసాలు ఎక్కించవలసి రావడానికి ఒక కారణం, అది పోయిన చోట నీటిని ఆపేది మరేదీ లేకపోవడమే.

రంధ్రాలు మూసుకుపోతాయన్న మాటకు రోహిణి కార్తెలో నెల్లూరు బస్టాండులో పది నిమిషాలు నిలబడినవారెవరైనా జవాబు చెప్పగలరు. చెమట నాళాలు ఈ పొరను చీల్చుకునే పైకి వస్తాయి. విషాలను వడకట్టే పని కాలేయానిది, మూత్రపిండాలది.

నిమ్మరసం, సోడా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆరోగ్యమైన చర్మం పైభాగం కొద్దిగా ఆమ్లం, పీహెచ్ 5 ప్రాంతం (పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం, ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు). ఈ గోడను కట్టే ఎంజైములకూ, పాత కణాలను విడదీసే ఎంజైములకూ ఆ ఆమ్లత్వమే పగ్గం. సోడా 8 దాటిన క్షారం. దాన్ని పూస్తే విడదీసేవి విజృంభిస్తాయి, కట్టేవి మందగిస్తాయి. నిమ్మరసం పీహెచ్ 2 దరిదాపుల్లో ఉంటుంది, అంటే చర్మం కంటే దాదాపు వెయ్యి రెట్లు ఆమ్లం. పైగా నిమ్మ తొక్కలో, రసంలో ఉండే కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్లమచ్చలు మిగులుస్తాయి. పొదలకూరు నిమ్మ మార్కెట్ ఉన్న జిల్లాలో ఈ చిట్కా ఇంత తేలికగా చెల్లుబాటు కావడం నాకు ఆశ్చర్యమే.

మా వీధిలో ఒకావిడ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళుతుంది. గంటల తరబడి ఐసు నీళ్ళలో నాని, రొయ్య ముళ్ళు గీరుకుని, ఆమె బొటనవేళ్ళ మొదట్లో సన్నటి పగుళ్ళు ఎప్పుడూ ఉండేవే. సందేశం చూసి నాలుగు రోజులు పీచుతో రుద్ది నిమ్మరసం పూసింది. పగుళ్ళు వేలి కణుపుల దాకా పాకాయి, అంచులు తెల్లబడి లేచాయి. “మండుతోందంటే పనిచేస్తోందనుకున్నా సార్” అన్నది. చెక్కు చెదరని చర్మం మీద నిమ్మరసం సాధారణంగా మండదు. మండిందంటే గోడ అప్పటికే కూలి, రసం నరాల కొసలదాకా వెళ్ళిందన్న మాట.

ఇక చెడ్డ రక్తం. గజ్జికి కారణం కంటికి సరిగా ఆనని ఒక పురుగు. ఆడపురుగు ఈ పైపొరలోనే సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. అందుకే ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు పూసుకోవాలి. తామర ఒక బూజు, దాని తిండి పైపొరలోని కెరటిన్. ఎగ్జిమాలో తరచుగా కనబడేది గోడ లోపమే. 2006లో స్కాట్లాండులోని డండీలో ఇర్విన్ మెక్‌లీన్ బృందం, ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువు చెడితే చర్మం చేప పొలుసుల్లా మారుతుందనీ, అలాంటివారికి ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా పెరుగుతుందనీ చూపింది. ఎగ్జిమా ఉన్న ప్రతివారికీ ఆ లోపం ఉండదు. కానీ గోడకు బీటలు పడితే బయటి ధూళి, సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళి వాపును రేపుతాయి, ఆ వాపు గోడను మరింత చెడగొడుతుంది. అలాంటి చర్మాన్ని పీచుతో రుద్దమనడం దారుణం.

26 సెకన్ల లెక్క సందేశం రాసినవారి మొదటి వాక్యానికే విరుద్ధం: విషాన్ని కూడా బయటికి రానివ్వని పొర, రాసిన ప్రతిదాన్నీ ఎలా రానిస్తుంది? చిన్న అణువులు, కొవ్వులో కరిగేవి దాటుతాయి. అణుభారం సుమారు 500 డాల్టన్లు (డాల్టన్ అంటే అణువుల బరువుకు కొలమానం) మించినవి చాలావరకు దాటలేవు. నికోటిన్ అణుభారం 162. మంచుకు తడిసిన పచ్చి పొగాకు ఆకు తెంపేవారికి వాంతులు, తలతిరుగుడు వచ్చేది అందుకే. కొండపి వైపు పొగాకు పండించే ఊళ్ళవారికి నేను చెప్పవలసిన పని లేదు. క్రీముల విషయంలో జాగ్రత్త కావలసిన చోటు వేరే ఉంది: మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిపిన ట్యూబులు తామరకు పూస్తే దురద తగ్గినట్టుండి బూజు మాత్రం విస్తరిస్తుంది.

నీళ్ళు తాగడం మంచిదే. అయినా పడమటి గాలి రోజుల్లో కుండ ఖాళీ చేసినవారి పెదవులూ పగులుతాయి. 1952లో ఇర్విన్ బ్లాంక్ అనే చర్మ పరిశోధకుడు ఎండిన ఆనెకాయ ముక్కలను నూనెలో నానబెడితే అవి మెత్తబడలేదు. నీళ్ళు తగిలితేనే మెత్తబడ్డాయి. అంటే నూనె, వ్యాజలీన్ చేసేది తడి ఇవ్వడం కాదు, ఉన్న తడిని పోకుండా ఆపడం. స్నానమైన వెంటనే, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే రాయమనేది ఇందుకే. మా వీధి ఆవిడకు కూడా అదే చెప్పాను: పీచు మానేసి, పనిలో రబ్బరు గ్లవుజుల లోపల పొడి నూలు గ్లవుజులు వేసుకుని, అవి తడిస్తే మార్చి, చేతులు కడిగినప్పుడల్లా వ్యాజలీన్ రాసుకోమన్నాను. మూడో వారానికి కణుపుల మీది పగుళ్ళు మూసుకున్నాయి. బొటనవేళ్ళ దగ్గరివి ఇంకా ఉన్నాయి, పని మానలేదు కదా.