కవిత పంపితే చాలదు, చదివి పంపాలి

మంచి కవిత కనబడితే నలుగురికీ పంపడం ఇప్పుడు క్షణంలో పని. నెల్లూరు, ఒంగోలు సాహిత్య వాట్సాప్ గ్రూపులు తెరిస్తే పొద్దున్నే వరసగా కవితలే. కింద దండాలు, పూలగుత్తులు, "అద్భుతం సార్"లు. చాలా కవితలకు కవి పేరే ఉండదు. దీన్ని కవితను పంచుకోవడం అనడానికి నాకు మనసొప్పదు. చదివిన మనిషి తనను పట్టి ఆపిన పాదం ఏదో చెప్పాలి, ఎందుకు ఆగాడో చెప్పాలి. కవి పేరూ పుస్తకం పేరూ వెయ్యాలి.

ఆ మధ్య ఒక యువకవి రాసిన కవిత సోమవారం సాహిత్య పేజీలో చదివాను. వరి మళ్లు రొయ్యల గుంటలైపోవడం గురించి. విడవలూరు వైపు రొయ్యలు పెంచే మా బంధువు పెద్దాయనకు ఫోన్లో చదివి వినిపించాను. ఆయన కాసేపు ఆలోచించి, "బాగుంది అబ్బయ్యా. రాత్రిపూట సంగతి మాత్రం వదిలేశాడే. గుంటలో నీళ్లు చిలికే ఏరేటర్లు తిరుగుతున్నంతసేపూ మాకు నిద్ర పడుతుంది. కరెంటు పోయి ఆ చప్పుడు ఆగిందా, దిగ్గున లేస్తాం. ఆక్సిజన్ అందకపోతే తెల్లారేసరికి రొయ్యంతా తేలిపోతుంది" అన్నాడు. ఇప్పుడు ఆ కవిత ఎప్పుడు చదివినా ఆయన మాట కూడా వినబడుతుంది నాకు. చదివి వినిపిస్తే దక్కేది ఇదీ. దండం బొమ్మ ఏ కవితకైనా ఇంత చేర్చగలదా?

పేరుతో పనేముంది, జానపదాలకు కర్త ఎవరని అడిగామా అంటారు కొందరు. జానపదం పాడినవాళ్లందరిదీ. వచన కవిత ఒక మనిషిది. సొంత డబ్బుతో ఐదు వందల కాపీలు అచ్చేయించి, చివరికి ఊరికే పంచిపెట్టుకుంటున్న మనిషిది. పేరు తీసేస్తే ఆ పుస్తకాన్ని పాఠకుడు ఎక్కడని వెతుక్కోవాలి? మన అద్దంకి శాసనంలోని తరువోజ పద్యం క్రీ.శ. 848 నాటిది. యుద్ధం గెలిచిన సేనాని పండరంగడి పేరు నిలిచింది, పద్యం కట్టినవాడి పేరు నిలవలేదు. రాతి మీద చెక్కినా అంతే అయింది. ఫోన్లో పేరు కొట్టడానికి మనకేం అడ్డం?

ఆవిష్కరణ సభల సంగతి చెప్పనక్కర్లేదు. శాలువాలకూ జ్ఞాపికలకూ ఉన్న టైం ఒక్క కవిత పూర్తిగా చదవడానికి ఉండదు.

అసలు కవితలు చదివించే పని చెయ్యాల్సింది గ్రంథాలయాలు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు సెస్సుగా మనమే కడుతున్నాం. పన్నుతో పాటు వసూలు చేసుకున్న ఆ డబ్బును చాలాచోట్ల స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు జమ చెయ్యకుండా ఏళ్ల తరబడి వాడేసుకుంటున్నాయి. పాఠకుడి సొమ్ముతో ఇంకేదో ఖర్చు వెళ్లదీసుకోవడం ఇది. కొత్త పుస్తకం రాని లైబ్రరీకి కుర్రాళ్లు పోటీ పరీక్షల గైడ్ల కోసం తప్ప ఎందుకొస్తారు?

మున్సిపాలిటీలూ పంచాయతీలూ ముందు ఆ బకాయిలు కట్టాలి. ఆ డబ్బుతో ఇవాళ రాస్తున్న కవుల పుస్తకాలు రేటు పెట్టి కొని కావలి, కందుకూరు, కనిగిరి, మార్కాపురం శాఖల్లో పెట్టాలి. నెలకో ఆదివారం ఒక సంపుటి తెరిచి, వచ్చినవాళ్లతోనే పైకి చదివించాలి.